కళ్ళకి చీకటి అలవాటయ్యేదాకా

బర్మామైన్స్‌లో మన తెలుగువాళ్ళు కాపురముండే సందుల్లో కూర్మారావు ఇల్లు ఏదని అడిగితే ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. కలరా ఉండల వాసన ఎక్కడ గుప్పుమంటే అక్కడ తలుపు కొట్టమనేవారు. ఆ ఇంట్లో బొద్దింక అనేది బతికి బట్టకట్టిన దాఖలా లేదు. పేరంటాల్లో ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు, ఎవరో పాత ట్రంకుపెట్టె మూత తీసినట్టు, ముక్కు నలుపుకుని కాస్త జరిగి కూర్చునేవారు. ఇంటాయన తారు కెమిస్టు. తారు పని చేసేవాడి ఇంట్లో సంపెంగల వాసన రమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది?

అతని తండ్రి పోలరాజు టెక్కలి దగ్గర రైలెక్కి ఈ ఊరొచ్చి, ఉక్కు కారఖానాలో బొగ్గుని కోకుగా మార్చే బట్టీల మీద బతుకంతా మాడ్చుకున్నాడు. కొడుకు ఆ సెగ దగ్గరికి పోకూడదని పట్టుబట్టి చదివించాడు. కొడుకు రాంచీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, 1972లో ఊరవతల గమ్హరియాలో ఒక తారు కంపెనీలో చేరాడు. అక్కడ చేసే పనేమిటయ్యా అంటే, తండ్రి కాల్చిన బొగ్గులోంచి కారిన తారుని తెచ్చి మళ్ళీ కాచడం. "నాను మసి పులుంకున్నాను, నువ్వు జిడ్డు పులుంకో. రెండూ సబ్బుకి పోవు" అని పోలరాజు పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు.

కంపెనీ యజమాని బన్వారీలాల్ సేఠ్. ట్యాంకర్లలో తారు కొని తెచ్చి, పెద్ద పెద్ద కాగుల్లో మరిగించి, అందులోంచి రోడ్లకి పోసే గట్టి తారు, గేట్లకి పూసే నల్లరంగు, బీరువాల్లో వేసే కలరా ఉండలు తీయించేవాడు. ఆఖర్న దిగే చిక్కటి నూనెని చల్లారనిస్తే అడుగున పచ్చపచ్చగా మడ్డి ఒకటి పేరుకునేది. దాని పేరు ఆంత్రసీన్. రంగులు తయారుచేసేవాళ్ళు వచ్చి డ్రమ్ముల్లో పట్టుకుపోయేవారు. ఆ మడ్డి మొహం రెండోసారి చూసిన మానవుడు ఆ కంపెనీలో లేడు, కూర్మారావు తప్ప.

కూర్మారావుకి ఒక దురలవాటు ఉండేది. పేకాటా కాదు, హండియా అనే బియ్యపు కల్లూ కాదు. శనివారం సాయంత్రాలు ఊళ్ళో ఉన్న పెద్ద లేబొరేటరీ లైబ్రరీకి పోయి విదేశీ పత్రికలు తిరగేసేవాడు. 1974లో ఒక పాత సంచికలో చదివాడు. ఈ ఆంత్రసీన్‌నే బాగా శుద్ధిచేసి, పలచటి స్ఫటికంగా పెంచి, రెండువైపులా తీగలు తగిలించి కరెంటు పంపితే అది దానంతటది వెలుగుతుందట. లోపల ఫిలమెంటు లేదు, వేడి లేదు, గాజుబుడ్డి లేదు. ఎక్కడో దొరలు పదేళ్ళ కిందటే చూశారట. వందల వోల్టులు పోస్తే మిణుకుమంటుంది, ఎందుకొచ్చిన గొడవ అని చాలామంది పక్కన పెట్టేశారట. కూర్మారావు ఆ సాయంత్రం సైకిలు లైబ్రరీ దగ్గరే మరిచిపోయి నడిచి ఇంటికొచ్చాడు.

"ఏటిరా, తారు ఎలుగుతాదా?" అంది తల్లి తవిటమ్మ, విషయం విని.

"ఎలుగుతాదమ్మా."

"మీ నాన్న వంటినిండా అదే కదరా. ఒక్కనాడూ ఎలగనేదు."

భార్య పద్మకుమారి కంచం పెడుతూ వింది. ఆమె అతని మేనమామ కూతురు, సోంపేట పిల్ల. అప్పటికి కాపురానికొచ్చి ఏడాది. మొగుణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరిగినది కాబట్టి, ఈ బావ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళని ఆమెకి తెలుసు. ఈసారి కుందేలు తారులో దొరికిందన్నమాట అనుకుని అన్నం వడ్డించింది.

కంపెనీలో కూర్మారావు పైన మేనేజరు సోమశేఖర్. గుంటూరు వైపు మనిషి, సోనారిలో ఉండేవాడు, స్కూటరు మీద వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. మంచివాడని చెప్పడానికి కూడా సాక్ష్యం లేదు. శుద్ధమైన ఆంత్రసీన్ తయారైతే మంచి ధర పలుకుతుందని కూర్మారావు నచ్చజెబితే, వెనకవైపున చీపుర్లూ బ్రష్షులూ పెట్టుకునే గది ఒకటి ఖాళీ చేయించి ఇచ్చాడు. కూర్మారావు ఆ గదికి లోపలంతా, కప్పుతో సహా, కంపెనీ నల్లరంగే రెండు పూతలు వేశాడు. కిటికీకి రేకు కొట్టాడు. కూలీలు దాన్ని కాలీ కోఠ్రీ అనేవారు, నల్లగది అని. ఆ గదిలో కలరా ఉండలవాడు చేతబడి నేర్చుకుంటున్నాడని ఆదిత్యపూర్ దాకా పుకారు పాకింది.

చేతబడి అయినా త్వరగా వంటబట్టేది. ఇది అలా కాదు. గాజుగొట్టంలో ఆంత్రసీన్ నింపి, దాని చుట్టూ సన్నటి వేడి తీగచుట్టనొకదాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి నత్తనడకన జరపాలి. వేడి తగిలినచోట కరుగుతుంది. అందులోని మురికి ఆ కరుగులో చేరి, చీపురు ముందు చెత్తలాగ, అవతలి కొసకి పోతుంది. ఆ కొస విరగ్గొట్టి పారేసి మళ్ళీ మొదలు. ఇలా వారాల తరబడి తోస్తే చివరికి తెల్లటి, శుభ్రమైన సరుకు మిగులుతుంది. దాన్ని కరిగించి, పాత గోడగడియారం యంత్రానికి వేలాడదీసి, కొలిమిలోంచి రోజుకి గోరంత చొప్పున కిందికి దించితే స్ఫటికం పెరుగుతుంది. మధ్యలో కరెంటు పోతే ఠప్పున పగులుతుంది.

గమ్హరియాలో కరెంటు పోకుండా ఉన్న వారం ఏదైనా ఉంటే, అది కరెంటువాళ్ళు సమ్మె చేసిన వారమే అయ్యుండాలి. కరెంటు పోతే ఇంట్లో వెలుగు పోవడం లోకంలో అందరికీ ఉన్నదే. కూర్మారావుకి ఇవాళ కరెంటు పోతే మూడు నెలల తర్వాత రావలసిన వెలుగు పోయేది. పగిలిన ముక్కలు తుడిచి, మళ్ళీ గొట్టం నింపి, తాడు కట్టి, గడియారానికి తాళం తిప్పేవాడు. ఏడుపొస్తే ఆ నల్లగదిలోనే ఏడ్చేవాడు. దానికి మాత్రం గది బాగా పనికొచ్చింది.

1979 వానల్లో ఒక స్ఫటికం పగలకుండా చేతికొచ్చింది. గోరంత ముక్క కోసి, రెండువైపులా వెండి పూత పూసి, తీగలు అతికించి, నాలుగొందల వోల్టులు పెట్టాడు. తలుపు వేసుకుని చూశాడు. ఏమీ లేదు. మామూలుగా అయితే లేచి తిట్టుకుంటూ పోయేవాడే. ఆవేళ లేవడానికి ఓపిక లేక స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. బయట వాన పడుతోంది. చాలాసేపయ్యాక, ఎదురుగా చీకట్లో, చీకటి కానిది ఏదో ఉన్నట్టు తోచింది. సూటిగా చూస్తే పోతుంది. కాస్త పక్కకి చూస్తే ఉంటుంది. నీలంగా ఉంది.

అది అప్పుడొచ్చిన వెలుగు కాదు. మొదట్నుంచీ అక్కడే ఉంది, అతని కళ్ళే ఆలస్యంగా వచ్చాయి. ఎండలోంచి లోపలికొచ్చిన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా కూర్చోవాలి. అంతసేపూ మధ్యలో తలుపు తీయకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు. అంతకుముందు ఎన్ని స్ఫటికాలు తన ఎదుట వెలిగీ వెలిగీ ఊరుకున్నాయోనని అతనికి గుండెలో కలుక్కుమంది.

మర్నాడే సోమశేఖర్‌ని పిలిచాడు. సోమశేఖర్ వచ్చి, చీకట్లో స్టూలు తన్నుకుని, స్టూలు ఎక్కడుందో చూసుకోవడానికి అగ్గిపుల్ల గీసి, గీసింది వృథా ఎందుకని దాంతో సిగరెట్టు ముట్టించుకున్నాడు.

"ఏదయ్యా వెలుగు?" అన్నాడు.

"సిగరెట్టు ఆర్పి ఓ అరగంట కూర్చుంటే కనిపిస్తుందండి."

"అరగంట చీకట్లో కూర్చుంటే నాకు మా తాతగారు కూడా కనిపిస్తారు" అని సోమశేఖర్ లేచి వెళ్ళిపోయాడు.

ఫోర్‌మన్ని కూర్చోబెడితే హాయిగా నిద్రపోయి, లేచి, చాలా బావుందన్నాడు. బిష్టుపూర్ నుంచి ఫోటోగ్రాఫరుని తెచ్చి తీయిస్తే, కడిగిన ఫోటో తారులా నల్లగా వచ్చింది. మూత తియ్యకుండా తీసుంటానని ఆ ఫోటోగ్రాఫరు పాపం తనే సిగ్గుపడ్డాడు. వెలుగుని కొలిచే యంత్రాలు లోకంలో ఉన్నాయి గానీ, కలరా ఉండల కంపెనీ అలాంటిది కొంటుందని కూర్మారావు కలలో కూడా అనుకోలేదు. లేబొరేటరీకి పట్టుకుపోదామంటే, అంత దూరం బస్సు కుదుపులకి స్ఫటికం నిలవదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. స్ఫటికాలు పగులుతూనే ఉన్నాయి, అతను పెంచుతూనే ఉన్నాడు. మంచిది దొరికినప్పుడల్లా ఒంటరిగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. బయటివాళ్ళ ఎగతాళి అతనికి పట్టేది కాదు. లోపల మొలిచిన అనుమానమే కొరుక్కుతినేది. ఆ వెలుగుని తను తప్ప ఇంకో ప్రాణి చూడలేదు. ఒక్కడికే కనిపించేదాన్ని లోకం ఏమంటుందో అతనికి తెలుసు. చీకట్లో అంతసేపు కళ్ళు చించుకుంటే ఎవరికైనా ఏదో ఒక మరక కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా తను చూస్తున్నది స్ఫటికాన్నా, తన కళ్ళలోని నలతనా? ఇంకొక్క జత కళ్ళు చూసి, ఉంది అంటే చాలు. అంతకుమించి అతను దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

1983లో ఫినాయిలు విపరీతంగా అమ్ముడుపోవడం మొదలైంది. ఫినాయిలు కూడా తారు బిడ్డే. సీసాల్లో నింపడానికి చోటు కావాలి, సేఠ్ కన్ను నల్లగది మీద పడింది. సోమశేఖర్ మధ్యవర్తిత్వం చేసి ఒక గడువు తెచ్చాడు. విశ్వకర్మ పూజ నాడు సేఠ్ ఎలాగూ కుటుంబంతో వస్తాడు. ఆయన కళ్ళారా వెలుగు చూస్తే గది ఉంటుంది. చూడకపోతే ఫినాయిలు వస్తుంది.

ఆ ఊళ్ళో విశ్వకర్మ పూజంటే తెలియనిదెవరికి? ఆవేళ కారఖానాల్లో యంత్రాలు ఆగుతాయి. కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఏడాదంతా గేటు దాటనివ్వని పెళ్ళాంబిడ్డల్ని ఆ ఒక్కరోజు లోపలికి రానిస్తారు. పిల్లల్ని తాత పోలరాజుతో ఉక్కు కారఖానా పూజకి పంపి, తవిటమ్మ, పద్మకుమారి నూనె కలిపిన పసుపు మొహాలకీ కాళ్ళకీ దట్టంగా పట్టించి, లోకల్ రైలెక్కి గమ్హరియా దిగారు. తవిటమ్మ తెచ్చిన పసుపూ కుంకుమా కనపడిన ప్రతి కాగుకీ పెట్టింది. వాచ్‌మన్ సైకిలుకి కూడా పెట్టింది.

నల్లగదిలో కూర్మారావు కొత్త స్ఫటికం అమర్చాడు. పూజ అయింది కాబట్టి మీట నొక్కొచ్చు, నొక్కాడు. సేఠ్‌ని లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి, అరగంట కదలనివ్వకూడదని అతని ఉద్దేశం.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు సోమశేఖర్. "ఆయన దేవుడి ముందే అరనిమిషం నిలబడడు. ముందు ఏదైనా తళుక్కుమనేది చూపించు. మనసు పడితే అప్పుడు కూర్చుంటాడు. నీ దగ్గర ఆ ఊదారంగు దీపం ఉందిగా."

ఉంది. అల్ట్రావయొలెట్ దీపం. అది వేస్తే గది చీకటిగానే ఉంటుంది గానీ, దాని కింద పెట్టిన ఆంత్రసీన్ ధగధగా నీలంగా మెరుస్తుంది. అది కరెంటు వెలుగు కాదు, దీపం వెలుగుని మింగి కక్కడం. పైగా కళ్ళకి అలవాటైన చీకటంతా దాంతో పాడైపోతుంది. కూర్మారావు నసిగాడు. అయినా చూడవలసిన రంగు ముందే తెలిస్తే మంచిదే కదా అని తనకి తానే సర్దిచెప్పుకుని ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళ సలహా విని బాగుపడ్డవాళ్ళు ఎక్కడైనా ఉంటారేమో, నల్లగదిలో మాత్రం లేరు.

సేఠ్ తెల్లటి ధోవతీ, ముదురురంగు కుర్తా వేసుకుని సేఠానీతో సహా లోపలికొచ్చాడు. వెనకాల సోమశేఖర్, నలుగురు పనివాళ్ళు, తవిటమ్మ, పద్మకుమారి దూరారు. తలుపు వేశారు. కూర్మారావు దీపం నొక్కాడు.

స్ఫటికం నీలంగా భగ్గుమంది. దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. ఎందుకంటే అంతకంటే పెద్దగా సేఠ్ ధోవతీ వెలిగిపోతోంది. చాకలి వేసిన తెల్లపొడి పుణ్యమా అని ఆయన నడుం కిందినుంచి దీపావళిలా ఉన్నాడు. ఇంకోపక్క తవిటమ్మ మొహం పచ్చగా, పద్మకుమారి మొహం పచ్చగా, నేలమీద నాలుగు పాదాలు పచ్చగా మెరుస్తున్నాయి.

"ఓలమ్మ, నా కాళ్ళు సూడే కోడలా" అంది తవిటమ్మ. "పసుపు ఎలుగుతన్నాది. ఒరే కూర్మా, దీనికేనేటిరా ఇన్నేళ్ళు పట్టింది? వంటింట్లో అడిగితే నానే ఇచ్చుందును కదా."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వితే పళ్ళు కూడా వెలిగాయి. చీకట్లో వరసగా పళ్ళు తెల్లతెల్లగా తేలుతుంటే సేఠ్‌కి ఇంకా నవ్వొచ్చి, నోరంతా తెరిచి నవ్వాడు. ఆయన పై వరస ఒక్కటీ వెలగలేదు. అక్కడ చీకటి గొయ్యి ఉంది. సొంత పళ్ళు ఆ దీపానికి వెలుగుతాయి, కట్టుడు పళ్ళు వెలగవు. కలకత్తాలో గుట్టుగా కట్టించుకున్న ఆ పళ్ళ సంగతి అప్పటిదాకా సేఠానీకి తప్ప ఎవరికీ తెలియదు.

నవ్వు ఆగిపోయింది. తవిటమ్మ జాలిపడింది. "అయ్యో, ఏటిబాబూ, సేటుకి పైపళ్ళు నేవేటి?"

"క్యా బోల్ రహీ హై బుఢియా?" అన్నాడు సేఠ్, ముసలమ్మ ఏమంటోందని.

"ఆశీర్వాద్ దే రహీ హై, సేఠ్‌జీ" అన్నాడు సోమశేఖర్. పనివాళ్ళలో తెలుగువాడొకడు ఆ ఆశీర్వాదానికి తట్టుకోలేక కిసుక్కుమన్నాడు. సేఠానీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. సేఠ్ చెయ్యి మెల్లగా నోటి మీదికి పోయింది. తలుపు తోసుకుని ఎండలోకి పోయి, గుమ్మం అవతల నిలబడి, సోమశేఖర్‌తో వచ్చే వారంనుంచి సీసాలు ఇక్కడే నింపాలని మాత్రం చెప్పాడు. జనం కిచిడీ ప్రసాదానికి పోయారు. తవిటమ్మ కూడా, తను చేసిన ఘనకార్యం తెలియకుండానే, వాళ్ళ వెనకాల పోయింది.

కూర్మారావు దీపం ఆర్పి స్టూలు మీద కూలబడ్డాడు. పద్మకుమారి పోలేదు. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. బర్మామైన్స్ ఇంట్లో గట్టిగా దగ్గితే నాలుగిళ్ళకి వినిపిస్తుంది. మొగుణ్ణి మనసారా తిట్టుకోవడానికి ఆమెకి పెళ్ళయినప్పట్నుంచీ ఒక గది దొరకలేదు. ఇప్పటికి దొరికింది. గొళ్ళెం కూడా ఉంది.

"బావా, ఇదేనేటి నీ పదేళ్ళ సంబడం?" అంది చీకట్లోకి. "ఈ గుయ్యారంలో కూకోనాకేనేటి ఆదివారాలు కూడా ఇల్లు ఇడిసి వచ్చీవోడివి?"

కూర్మారావు కింద స్టూలు కిర్రుమంది.

"మా సెల్లి పెళ్ళికి సోంపేట తీసుకెళ్తే పందిట్లో పురోయితుడికి తారు గురించి సెప్పినావు. ఆ పంతులు మంత్రం మర్సిపోయాడు. మా నాన్న ఇప్పటికీ అడుగుతాడు, అల్లుడికి ఒంట్లో బాగుందేటి అని. నానేటి సెప్పను?"

"బాగుందని చెప్పు."

"బాగుంటే సిన్న మేనేజరు పని ఇత్తామని ఆ గుంటూరాయనే అంటే ఒద్దంటాడేటి ఎవుడైనా? మన సందులో ఉండీ జగదాంబ మొగుడు నీకన్నా తక్కువ సదివి సోనారిలో ఇల్లు తీసుకున్నాడు. ఆవిడ నన్ను సూసినప్పుడల్లా అడుగుతాది, మీ ఆయన బల్బు ఇంకా ఎలగనేదా పద్మా అని. నవ్వతా అడుగుతాది. నా పట్టుసీర కలరా ఉండల కంపు. నా తలగడ కలరా ఉండల కంపు. కడుపుతో ఉన్నప్పుడు ఆ వాసనకి వాంతులు సేసుకున్నాను, నువ్వు కూకుని గడియారం బాగుసేసుకుంటన్నావు. ఒక్కనాడైనా, ఏటే పద్మా, నీకేటి గావాల, అని అడిగినావా?"

"లేదు" అన్నాడు కూర్మారావు.

"నేదని ఒప్పీసుకుంటే సరిపోద్దేటి?"

ఆమె ఆపలేదు. పుట్టింటి వైపునుంచి ఒకసారి, అత్తింటి వైపునుంచి ఒకసారి అతన్ని ఉతికింది. అతను చేసినవి అయ్యాక చెయ్యనివి మొదలుపెట్టింది. కూర్మారావు తలవంచుకుని విన్నాడు. తల వంచుకున్నది ఎవరికీ కనపడదు గానీ వంచుకున్నాడు. బయట మైకులో హిందీ పాటలు మారుతున్నాయి. ఆమె గొంతు ఒకచోట జీరపోయి, ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ అందుకుంది. ఎంతసేపైందో ఇద్దరికీ తెలియదు.

"రేపట్నుంచి ఫినాయిలు సీసాలు నింపుకో. అదే బాగుంటాది. కనీసం ఇల్లయినా కడుక్కోవచ్చు" అంటూండగా ఆమె మాట తెగిపోయింది.

కూర్మారావు తర్వాతి తిట్టు కోసం చూశాడు. రాలేదు.

"బావా," అంది కాసేపటికి, గొంతు మార్చి, "అదేటి?"

కూర్మారావు తలెత్తాడు. మీట ఆపడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. స్ఫటికానికి కరెంటు ఇంకా పారుతూనే ఉంది. అతనికి అది కనిపిస్తూనే ఉంది. అతనికెప్పుడూ కనిపిస్తుంది, అదే కదా గొడవ. అదే వెలుగు, నీలంగా ఉంది చూడు అనబోయి, పళ్ళు బిగబట్టి ఆగాడు. తను చెబితే ఇక ఆమె చూసింది సాక్ష్యం కాదు.

"ఏది?" అన్నాడు.

"అదే. నీకు కనపట్టం నేదా?"

"నాకు కనిపించింది వద్దు. నీకేటి కనిపిస్తంది, సెప్పు." అతనికి తెలియకుండానే తల్లి భాష వచ్చేసింది.

"సిన్నది. గోరంత ఉంటాది. సూత్తంటే పోతన్నాది, మళ్ళీ వత్తన్నాది."

"రంగు?"

ఆమె కాసేపు చూసింది. "కిరసనాయిలు స్టవ్వు బాగా తగ్గించీసినప్పుడు ఒత్తుల మీద నీలంగా నిలబడతాది సూడు. అలగ."

కూర్మారావు తడుముకుంటూ మీట వెతుక్కున్నాడు. చప్పుడు కాకుండా నొక్కాడు.

"పోయింది" అంది పద్మకుమారి.

మళ్ళీ నొక్కాడు.

"వచ్చింది."

ఆపి, చాలాసేపు ఆపే ఉంచాడు. ఆమె ఏమీ అనలేదు. నొక్కాడు. "ఇప్పుడు వచ్చింది" అంది. ఆపీ ఆపనట్టు ఆపాడు. "పోయింది" అంది. మాటిమాటికీ చేశాడు. ఒక్కసారీ తప్పలేదు.

"నాతో ఆటలాడుతున్నావేటి?" అంది ఆఖరికి. "ఆపకు. సూత్తన్నాను కదా."

కూర్మారావు మీటని వదిలేసి ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎలా ఏడ్చేవాడో అలా కాదు, చిన్నపిల్లాడిలా బావురుమని ఏడ్చాడు. తను పిచ్చివాడు కాదు. ఎంత సంతోషంగా ఉందంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పద్మకుమారి తడుముకుంటూ వచ్చి పక్కన నిలబడి, చూస్తూనే, అతని తలమీద చెయ్యి వేసింది.

తలుపు దబదబ మోగింది. "కోడలా, కిచిడీ అయిపోతన్నాది" అని తవిటమ్మ కేక.

"తలుపు తియ్యకు" అన్నాడు కూర్మారావు.

"నానెందుకు తీత్తాను?" అంది పద్మకుమారి. "నువ్వు తినీయ్ అత్తా, మాకొద్దు" అని అరిచింది. ఆ పూజకి వాళ్ళిద్దరికీ ప్రసాదం దక్కలేదు.

ఆపై వారం గదికి తెల్లసున్నం కొట్టి ఫినాయిలు పెట్టారు. సేఠ్ మనసు మారలేదు. ఏ పుణ్యాత్ముడూ అడ్డుపడలేదు. కూర్మారావు సీసాలు నింపించే పని పర్యవేక్షించాడు. ఆ తర్వాత స్ఫటికం పెంచలేదు. ఫినాయిలు మాత్రం అతని చేతి కింద నీళ్ళలో బాగా తెల్లగా విరిగేదని పేరొచ్చింది. పరిశోధన వదిలేశావా అని ఎవరైనా గుచ్చితే, అయిపోయింది కాబట్టి వదిలేశాను అనేవాడు. అనడంలో బాధ ఉండేది గానీ బొంకు లేదు. జగదాంబ ఒకసారి అలవాటు కొద్దీ బల్బు సంగతి ఎత్తితే, పద్మకుమారి పప్పు ఏరుతూ తలెత్తకుండానే, "ఎలిగింది కదా. నాను సూసినాను" అంది. జగదాంబ మళ్ళీ ఎత్తలేదు.

1988లో ఒక శనివారం కూర్మారావు లైబ్రరీనుంచి కాస్త ఆలస్యంగా వచ్చాడు. వంటింటి గడప మీద కూర్చుని, అమెరికాలో ఇద్దరు ఇలాంటి సరుకునే పొరలు పొరలుగా, పొగకన్నా పలచగా పరిచి వెలిగించారని చెప్పాడు. నాలుగొందల వోల్టులు అక్కర్లేదట. పది వోల్టులు కూడా అక్కర్లేదట. రేపు టీవీలు కూడా దాంతోనే చేస్తారేమో అన్నాడు. చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడ్డాడు.

పద్మకుమారి పెనం మీద రొట్టె తిప్పింది. "అది సూడ్డానికి వాళ్ళు ఎంతసేపు కూకోవాలట?" అని అడిగింది.

"కూర్చోనక్కర్లేదు. గదిలో లైట్లున్నా కనిపిస్తుందట. ఎవరొచ్చినా చూడొచ్చట."

ఆమె రొట్టె పెనం మీంచి దించింది.

"అయితే అందులో గొప్పేటుంది?" అంది. "అలాటిది ఎవులైనా సూత్తారు."